జుల్మా చెట్టు, రొమానీ గోడ

ఐజర్ నది ఒడ్డున మా పల్లెలో ఎవరైనా చనిపోతే చనిపోయారని అనరు. "జుల్మా చెట్టు కిందికి వెళ్ళాడు" అంటారు. ఈ జుల్మా ఏ పునీతురాలో కాదు, కాటికాపరి అంతకన్నా కాదు. మా అమ్మమ్మ. నిక్షేపంలా బతికే ఉంది. సైకిలు తొక్కుతుంది. ఎదురుగాలి వస్తే దిగదు, గాలినే తిడుతుంది. ఊరంతా చావుకి తన పేరు పెట్టేసిందని మొదటిసారి రొట్టెల కొట్లో చెవిన పడ్డప్పుడు, వరసలో నిలబడ్డవాళ్ళందరి వంకా తిరిగి, "ఎవరికి తొందరగా ఉందో చెప్పండి, సైకిలు బయటే ఉంది, ఎక్కించుకుపోతా" అందట. ఆ రోజు రొట్టెలు చాలా మిగిలిపోయాయని చెప్పుకుంటారు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే పంది తొడ దగ్గర మొదలుపెట్టాలి.

చర్చి పైకప్పు బాగుచేయడానికి ఫాదర్‌గారు లాటరీ పెట్టారు. మొదటి బహుమతి పొగబెట్టిన పంది తొడ. జుల్మా కళ్ళన్నీ దాని మీదే. ఇంట్లో నలుగురు పిల్లలు, చలికాలం ముంచుకొస్తోంది. చీటీ తీస్తే ఆమెకి రెండో బహుమతి తగిలింది. కెమెరా! తొడ గెలిచిన పిండిమర యజమాని ఇంటికి నేరుగా నడిచి వెళ్ళి, "మార్చుకుందామా?" అని అడిగింది. "కెమెరా ఉడకదు కదమ్మా" అన్నాడాయన. ఆ ఉక్రోషం ఆమెకు ఇప్పటికీ తగ్గలేదు. కానీ చేతికొచ్చిన వస్తువును పెట్టెలో మురగబెట్టడం ఆమె వంశంలో లేదు. ఉడకని ఆ కెమెరాతోనే ఏదో ఒకటి వండి తీరతానని పట్టుబట్టింది.

వేసవిలో గడ్డి కోత, ఆ తరవాత బీట్‌రూట్ తవ్వకం, మధ్యలో పిల్లల జ్వరాలు. అందువల్ల కెమెరా బయటికి వచ్చేది చలికాలంలో మాత్రమే. చలికాలంలో మా వైపు కనబడేవి మూడే: బురద, ఆకాశం, కాలవ గట్టున తల నరికించుకున్న విల్లో చెట్లు. జుల్మా ఆ చెట్లనే తీసింది. ఏటేటా అవే.

"ఆకులొచ్చాక తీయొచ్చుగదే" అనేవారు ఇరుగుపొరుగు.

"ఆకులుంటే చెట్లన్నీ ఒకటే. కోటు విప్పితేనే కదా మనిషి భుజాలు కనిపించేది" అనేది జుల్మా.

మా విల్లోలు వాటంతట అవి బోడి కావు. కొన్ని చలికాలాలకోసారి మనిషి పైకెక్కి, తల మీది కొమ్మలన్నీ రంపంతో కోసెయ్యాలి. కొయ్యకపోతే కొమ్మలు లావెక్కి, గాలికి ఊగి ఊగి మొదలును నిలువునా చీల్చేస్తాయి. బోడి విల్లో కనబడితే దానికి తెగులు తగిలిందని కాదు అర్థం, దాన్ని పట్టించుకునే మనిషి ఉందని. మా చెట్లను పట్టించుకున్న మనిషి జుల్మా అక్క, రొమానీ.

రొమానీ పెళ్ళి చేసుకోలేదు. చనిపోయిన తండ్రి బూట్లలో గుడ్డలు కుక్కి తొడుక్కుని, రంపం వీపుకి కట్టుకుని చెట్లెక్కేది. ఒకసారి చూపులకొచ్చిన పెళ్ళికొడుకు చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ మాటలు కలిపాడు. కాసేపటికి ఒక పెద్ద కొమ్మ అతని పక్కనే దబ్బున పడింది. "పక్కకు జరగమన్నా, జరగలేదు" అంది రొమానీ ఇంటికొచ్చి. అతను మాత్రం ఆ తరవాత చాలా దూరం జరిగాడు. ఆస్టెండ్‌లో చేపల కొట్టు పెట్టుకున్నాడట.

ఒక జనవరి ఉదయం, మంచు గడ్డకట్టి నేల గాజులా మెరుస్తుంటే, జుల్మా ఒక ఫోటో తీసింది. ఎడమ పక్క కోత అయిపోయిన విల్లో ఒంటరిగా, బిగించిన పిడికిలిలా ఉంది. కుడి పక్క మరో చెట్టు. దాని నెత్తి మీద రొమానీ కాళ్ళు వేలాడేసి కూర్చుంది. ఒళ్ళో రంపం, నోరంతా తెరిచి ఉంది. చూసినవాళ్ళు నవ్వుతోందనుకుంటారు. నిజానికి "ఆ డబ్బా దించి కొమ్మలు మొయ్యవే సోమరిదానా" అని అరుస్తోంది.

ఆ ఫోటో పట్టుకుని జుల్మా మా ఊరి ఫోటో క్లబ్బుకు వెళ్ళింది. క్లబ్బంటే కాఫీ కొట్టు వెనక గది. ముందు గదిలో పావురాల పందేలవాళ్ళు కేకలేస్తుంటారు, వెనక గదిలో కళ నడుస్తుంటుంది. అధ్యక్షుడు ఓడిల్. జుల్మాతో కలిసి బడికి వెళ్ళినవాడే. వృత్తి శవపేటికలు చేసి, అంత్యక్రియలు నడపడం. చదువుకున్నవాడు, బొమ్మల పుస్తకాలు చాలా చూసినవాడు. కాకపోతే ఏ బొమ్మలో చూసినా అతనికి తన గిరాకీయే కనపడేది.

"పాత చిత్రకారులు ఏం చేసేవారో తెలుసా జుల్మా? శిలువకు ఒక పక్క పచ్చని చెట్టు, ఒక పక్క ఎండిన చెట్టు గీసేవారు. పచ్చనిది మోక్షం, ఎండినది మరణం. ఆ తరవాతి వాళ్ళు సమాధుల పక్కన, పాడుబడ్డ గుడి పక్కన, మంచులో బోడి చెట్టునే నిలబెట్టారు. మాట అక్కర్లేదు. చూడగానే గుండెలో కలుక్కుమంటుంది. ఏకాంతం! అంతం!"

"ఇది అంతం కాదయ్యా, మా చెట్టు. మార్చిలో మొలకలొస్తాయి."

"ఫోటోలో మార్చి ఎప్పుడూ రాదు" అన్నాడు ఓడిల్. ఆ మాటకి తనే మురిసిపోయి ఒక గుక్క జెనీవర్ సారా తాగాడు. "కుడి పక్క ఆ మనిషిని కత్తిరించెయ్. మనిషి ఉంటే అది పని. మనిషిని తీసేస్తే అది అర్థం."

జుల్మాకి అర్థం అక్కర్లేదు గాని జిల్లా పోటీలో బహుమతి కావాలి. పంది తొడ పోయిన దెబ్బ ఇంకా మానలేదు మరి. ఇంటికెళ్ళి కత్తెర పట్టుకుని ఫోటోను సగానికి కోసి, అక్క ఉన్న సగం అవతల పారేసింది. బహుమతి వచ్చింది. ఓడిల్ పొంగిపోయి, వాళ్ళమ్మ పోయినప్పుడు ఆ చెట్టునే చావు కార్డు మీద అచ్చు వేయించుకుంటానని అడిగాడు. చావు ఇంటి మనిషి అడిగితే ఎవరు కాదంటారు? సరేనంది.

మా వైపు అంత్యక్రియల పూజలో పేటిక పక్కగా జనం వరసలో నడిచి వెళ్తుంటే ఒక్కొక్కరి చేతిలో ఆ కార్డు పెడతారు. ఒక పక్క పోయినవాళ్ళ పేరు, ఒక పక్క బొమ్మ. తరవాత హాలులో కాఫీ, జున్ను పెట్టిన రొట్టెలు తింటూ ఆ బొమ్మ గురించి మాట్లాడుకుంటారు. ఓడిల్ వాళ్ళమ్మ కార్డు ఊరందరికీ నచ్చింది. తరవాత పోయినవాళ్ళింట్లోనూ అదే కావాలన్నారు. ఆ తరవాతి వాళ్ళూ అంతే. ఏళ్ళు గడిచేసరికి ఊళ్ళో ప్రతి ప్రార్థన పుస్తకంలోనూ ఆ విల్లోలు పేకముక్కల్లా పేరుకుపోయాయి. "జుల్మా చెట్టు కిందికి" అనే మాట అలా పుట్టింది.

రొమానీ ఆ కార్డులు చూసి ఎన్నడూ ఒక్క ముక్క అనలేదు. తొంభైకి దగ్గరపడుతుండగా పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వృద్ధాశ్రమంలో చేర్చారు. గది కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే జాగా. చెట్టన్నది లేదు. మొదటిసారి చూడడానికి వెళ్ళిన చెల్లెలిని ఆమె అడిగింది ఒక్కటే.

"ఆ చెట్టు ఫోటో పెద్దది తెచ్చి ఇక్కడ తగిలించవే. కిటికీ ఎటూ గుడ్డిదే."

జుల్మా మర్నాడే తెచ్చి మంచానికి ఎదురుగా తగిలించింది. గొడవ ఆ మధ్యాహ్నమే మొదలైంది. పక్క గది ముసలమ్మ తలుపులోంచి ఆ చెట్టును చూసింది. రొమానీ మజ్జిగ జావ తాగుతుండగానే గుమ్మంలో కర్ర ఆనించి, ఆమె ఆత్మశాంతికి జపమాల మొదలుపెట్టింది.

"నేను చావలేదే" అని రొమానీ అరిచింది.

"నువ్వు మాట్లాడకు రొమానీ, ఇక నీకు విశ్రాంతి" అందట ఆ ముసలమ్మ, పూసలు ఆపకుండానే.

సాయంత్రానికి నడవాలో ముగ్గురు ఏడుస్తున్నారు. ఒకాయన తన నల్ల కోటు ఇస్త్రీ చేయించమని ఇంటికి ఫోన్ చేశాడు. ఆశ్రమం చూసుకునే వీర్లే అనే అమ్మాయి వచ్చి, ఫోటో దించి, బీరువా వెనక పెట్టించింది. ఖాళీగా ఉంటే బాగుండదని దాని చోట ఎర్రని గసగసాల పూల పొలం తగిలించింది.

మళ్ళీ జుల్మా వెళ్ళేసరికి రొమానీ కుర్చీని మూలకి తిప్పించుకుని, గోడ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉంది.

"ఏంటక్కా ఇది? శిక్ష పడ్డ బడిపిల్లలాగ!"

"వెనక ఏముందో చూడు. గసగసాలు! బోడి చెట్టు చూస్తే చావు గుర్తొస్తుందట, అందుకని గసగసాలట! ఆ పూల కింద రెండు యుద్ధాల సైనికులు పడుకునున్నారు. నాన్న నాగలికి ఎన్ని ఎముకలు తగిలాయో ఈ పిల్లకెవరు చెప్తారు? నా చెట్టు వచ్చేదాకా నేనిటు తిరగను."

జుల్మా వీర్లే గదికి వెళ్ళింది. వీర్లే చెడ్డది కాదు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునే పిల్ల. అదే జుల్మాకి మరీ చిక్కు. మంచివాళ్ళని తిట్టడం ఆమెకి సరిగా రాదు.

"జుల్మా గారూ, మీ ఫోటో అందంగా లేదని కాదు" అంది వీర్లే. "ఇక్కడున్నవాళ్ళంతా ఆ చెట్టును ఒక్కచోటే చూశారు. శవపేటిక పక్కన. పొద్దున లేవగానే అది కనబడితే ఎలా ఉంటుంది చెప్పండి?"

"మా అక్కకి ఎలా ఉంటుందో అడిగావా?"

"ఆవిడొక్కరే కాదు కదండీ ఉండేది. తలుపు వేసుకోమంటే వేసుకోరు."

తలుపు మూసుకుని బతకడం రొమానీకి చేతకాదని జుల్మాకు తెలుసు. సైకిలెక్కి నేరుగా ఓడిల్ ఇంటికి వెళ్ళింది. ఓడిల్ పని కొడుకులకి అప్పగించేశాడు గాని, పేటికల కొట్లో కూర్చుని కాఫీ తాగడం మానలేదు.

"ఆ కార్డు ఆపెయ్ ఓడిల్."

"ఎలా ఆపుతాను? బతికుండగానే అదే కావాలని చెప్పి పెట్టుకున్నవాళ్ళున్నారు."

"చెట్టు నాది."

"చెట్టు నీదే. అర్థం జనానిది."

"వాళ్ళకి ఆ అర్థం నూరిపోసిందెవడు? బోడి చెట్టంటే చావు, చావంటే బోడి చెట్టు! ఇంకేమీ గీయలేదా నీ పాత చిత్రకారులు?"

ఓడిల్ గడ్డం గోక్కున్నాడు. "గీశారులే. మంచులో బోడి ఓక్ చెట్టును గీసి, ఎవరికీ తలవంచనివాడి గుర్తుగా చూపించినవాళ్ళూ ఉన్నారు. గాలి ఎటు కొట్టినా నిలబడ్డవాడని."

"మరి ఆ ముక్క అప్పుడు చెప్పి చావలేదేం?"

"నేను పెట్టెలు అమ్మేవాణ్ణి జుల్మా. నిలబడి ఉండేవాళ్ళతో నాకేం పని?"

జుల్మా అతని కాఫీ ఒలికిపోయేంత గట్టిగా బల్ల చరిచింది. ఓడిల్ తొణకలేదు. గుడ్డతో బల్ల తుడుచుకుంటూ అన్నాడు: "నేను మాటే అన్నాను. కత్తెర పట్టింది నువ్వు."

జుల్మా సైకిలు ఇంటి వైపు తిప్పింది.

ఇంటికొచ్చి పాత నెగటివ్ వెతికింది. ఈసారి కత్తెర జోలికి పోకుండా మొత్తం ఫోటోను పెద్దదిగా అచ్చు వేయించింది. ఎడమ పక్క బోడి విల్లో, కుడి పక్క చెట్టెక్కిన రొమానీ, రంపం, తెరిచిన నోరు, అన్నీ. ముందు వీర్లేకి చూపించింది. ఆ పిల్ల ముఖం విప్పారింది.

"అబ్బ! ఇది పెట్టండి! మనిషి ఉన్నారు, నవ్వుతున్నారు. ఎవరూ భయపడరు."

"నవ్వడం కాదు, నన్ను తిడుతోంది" అంది జుల్మా. అయినా కొండంత బరువు దిగినట్టయింది. అక్కకి చెట్టూ దక్కుతుంది, తను చేసిన కోతా మానుతుంది.

రొమానీ ఫోటోను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరే ఇది?"

"నువ్వేనక్కా."

"అది నాకూ తెలుసు. ఎందుకు తెచ్చావంటున్నా."

"అప్పుడు నిన్ను కత్తిరించేశాను కదా, అది తప్పని..."

"మంచి పని చేశావు. తీసెయ్ దీన్ని."

జుల్మా నోరు తెరిచింది. రొమానీ ఆమెని మాట్లాడనివ్వలేదు.

"ఇది తగిలిస్తే ఏమవుతుందో తెలుసా? వచ్చిన ప్రతివాడూ ముందు దాన్ని చూస్తాడు, తరవాత నన్ను చూస్తాడు. అయ్యో, ఎలా ఉండేది, ఎలా అయిపోయింది అంటాడు. నా చెయ్యి పట్టుకుని నిమురుతాడు. నాకొద్దు. ఆ బోడి చెట్టును చూసి ఎవడు జాలిపడతాడో పడమను. చూసి వాళ్ళు ఏడిస్తే అది వాళ్ళ కళ్ళ జబ్బు. దాన్ని కోసింది నేను. కింద పడింది నేను, అది కాదు. అది నిలబడే ఉంది. నాకు నిలబడి ఉన్నదే కావాలి."

"వీర్లే ఒప్పుకోదక్కా."

"నువ్వు ఒప్పుకోమని అడుగుతున్నావు. అదీ నీతో వచ్చిన చిక్కు. పంది తొడప్పుడూ అంతే, అడిగావు. ఎత్తుకురావాల్సింది."

ఆ మాట జుల్మాకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

మర్నాడు ఆమె సైకిలు బుట్టలో ఉల్లికాడల కింద సుత్తి, మేకులు ఉన్నాయి. ఆశ్రమంలో అడుగుపెట్టాక దాచనూ లేదు. నడవాలో అందరికీ కనబడేలా సుత్తి భుజాన పెట్టుకుని నడిచింది. రొమానీ గది తలుపు బార్లా తెరిచింది. గసగసాలు దించి బీరువా వెనక్కి తోసి, అక్కడినుంచి బోడి విల్లోను బయటికి లాగింది. పాత మేకు వదులైపోయింది. కొత్తది పెట్టి కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు కర్రలు, చక్రాల కుర్చీలు, చెప్పుల ఈడ్పులు అన్నీ గుమ్మం దగ్గరకు చేరాయి. వాటి వెనక వీర్లే.

"జుల్మా గారూ! వేరే ఫోటో అని మనం అనుకున్నాం కదా!"

"నువ్వనుకున్నావు తల్లీ. నేను విన్నాను."

"దయచేసి ఆ సుత్తి ఇలా ఇవ్వండి."

"కావాలంటే నన్ను బయటికి ఈడ్పించు. నీ మీద కోపం లేదు గాని, ఇవ్వను." చెప్పి చెట్టును మేకుకి తగిలించింది. రొమానీ మొదటిసారిగా కుర్చీని ఇటు తిప్పించుకుంది.

అప్పుడు గుమ్మంలోని చక్రాల కుర్చీ ఒకటి ముందుకొచ్చింది. కమీల్. ఒకప్పుడు కాఫీ కొట్టు ముందు గదిలో పావురాల పందేలు ఆడినవాడు. భార్య మార్తా పోయి ఏడాది కాలేదు.

"తీసెయ్ జుల్మా" అన్నాడు. "అది మా మార్తా కార్డు."

సుత్తి పట్టుకున్న జుల్మా చెయ్యి కిందికి దిగింది. వీర్లేతో కొట్లాడడానికి ఆమె రాత్రంతా మాటలు నూరుకుని వచ్చింది. కమీల్ కోసం ఒక్కటీ నూరుకోలేదు. అక్క వంక చూసింది.

"చూడు కమీల్" అంది రొమానీ. "తీసెయ్యమనే ముందు సరిగా చూడు. కార్డు మీద గోరంత వేశారు. ఇక్కడ పెద్దగా ఉంది."

కమీల్ చూడకూడదనుకుంటూనే చూశాడు. ముక్కు చీదాడు. కుర్చీ ఇంకాస్త ముందుకు తోసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరు కోశారిది?"

"నేను."

"సిగ్గులేకపోతే సరి. ఆ ఎడమ పక్క మొద్దేంటి? కోటు తగిలించుకునే కొక్కెంలా వదిలేశావు. అంత పొడుగ్గా వదిలితే నీళ్ళు దిగి కుళ్ళదూ?"

"అది కాలు పెట్టుకుని దిగడానికి."

"ఎందుకు, నిచ్చెన లేదా మీ ఇంట్లో?"

"ఉండేది. మీ నాన్న అడిగి పట్టుకెళ్ళాడు. ఇంకా తిరిగి రాలేదు."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. కమీల్ మెడ ఎర్రబడింది.

"మా నాన్న సంగతి తరవాత. ఆ కుడి పక్క కోత చూడు, వంకర. రంపం మొద్దుబారిపోయిందా, చెయ్యా?"

"మంచు గడ్డకట్టిన రోజున నువ్వెక్కి చూడవలసింది, తెలిసేది. నువ్వు ఆ రోజు పావురాలకి గింజలు వేస్తూ పొయ్యి పక్కన కూర్చుని ఉంటావు."

"మార్తా ఉండుంటే నీకు చెప్పేది! మా దొడ్లో అలాంటి కోత కోస్తే నాకు ఆ పూట జావ పెట్టేది కాదు. ఇన్నాళ్ళూ ఆవిడ కార్డు మీద ఈ దిక్కుమాలిన కోత పెట్టుకుని తిరుగుతున్నానా నేను!"

పక్క గది ముసలమ్మ జపమాల చేతికి చుట్టుకుని మధ్యలోకి తొంగి చూసింది. "పోయిందా?" అని అడిగింది.

"ఎక్కడ, పోట్లాడుతోంది" అని చెప్పారెవరో. ఆమె నిరాశగా పూసలు జేబులో వేసుకుంది గాని వెళ్ళలేదు. తమ దొడ్లో విల్లోలు ఎవరు కోసేవారో పక్కాయనకు చెప్పడం మొదలుపెట్టింది. ఆయన, అవి విల్లోలు కావు పోప్లార్లని అడ్డం తిరిగాడు.

వీర్లే కుర్చీల మధ్య దారి చేసుకుని కమీల్ దగ్గర వంగింది. "కమీల్ గారూ, మీకు బాధగా ఉంటే ఇప్పుడే దింపించేస్తాను."

"బాధగానే ఉంది" అన్నాడు కమీల్, చెట్టు మీంచి కళ్ళు తిప్పకుండా. "కానీ దింపేస్తే ఈవిడకి తప్పు ఎక్కడుందో ఎలా చూపిస్తాను? దింపకు. కిందికి జరిపించు. ఇంత ఎత్తున పెడితే కూర్చున్నవాడికి మొదలే కనిపిస్తుంది గాని తల సరిగా కనబడదు."

వీర్లే నిటారుగా నిలబడింది. గోడ వంక, మేకు వంక, అందరి వంక చూసింది. చక్రాల కుర్చీల మధ్యలోంచి ఒక స్టూలు తెచ్చి జుల్మా పక్కన పెట్టింది.

జుల్మా స్టూలు వంక చూడనైనా లేదు. మేకు పీకి, కమీల్ కంటికి సమానంగా మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త చోట పెట్టి కొట్టింది. సున్నం పెచ్చులూడి రొమానీ ఒళ్ళో పడింది. ఆమె దులుపుకోలేదు.

"గట్టిగా కొట్టవే" అంది. "ఊడిపోతే మళ్ళీ అడగాల్సొస్తుంది."